జపనీస్, చైనీస్ ప్రభుత్వ పదాలు: ఒకే అక్షరం, వేరే మెట్టు

మీరు అడిగింది ఇది: జపనీస్ ఎన్3 (జపనీస్ భాషా పరీక్షలో మధ్య స్థాయి) దాకా వచ్చింది, ఇప్పుడు చైనీస్ వార్తలు కూడా చదవడం మొదలుపెట్టారు. మంత్రిత్వ శాఖలు, జిల్లాలు, పదవులు, చట్టాల పేర్లు రెండు భాషల్లోనూ దాదాపు అవే అక్షరాలతో కనిపిస్తున్నాయి. ఒక భాషలో నేర్చుకున్న పదాన్ని రెండో దాంట్లోనూ వాడుకోవచ్చా, లేక దేనికది విడిగా నేర్చుకోవాలా?

సగం వాడుకోవచ్చు. అది ఏ సగమో తెలియాలి, అంతే. ప్రభుత్వ సంస్థ పేరును రెండు ముక్కలుగా విడదీసి చూడండి. ముందు ముక్క ఆ సంస్థ చేసే పని చెబుతుంది: విద్య, పన్నులు, రక్షణ, పర్యావరణం. చివరి ముక్క ఆ సంస్థ ఏ మెట్టు మీద ఉందో చెబుతుంది: మంత్రిత్వ శాఖా, శాఖ లోపలి విభాగమా, జిల్లా కార్యాలయమా. పని పేరు ఒక భాషలో తెలిస్తే రెండో భాషలో చదివి అర్థం చేసుకోవచ్చు. మెట్టు పేరుకు ఆ వెసులుబాటు లేదు. అనువాదాల్లో వచ్చే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ చివరి ఒక్క అక్షరం దగ్గరే జరుగుతాయి.

ఉచ్చారణలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. చైనీస్ పదాలను పిన్‌యిన్‌కు (చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే పద్ధతి) దగ్గరగా రాశాను, టోన్లు చూపలేదు. వాటిని నిఘంటువులో చూసి మీ నోట్సులో చేర్చుకోండి.

షో, షెంగ్, బు

జపాన్‌లో కేంద్ర మంత్రిత్వ శాఖ పేరు "షో"తో ముగుస్తుంది. గైముషో అంటే విదేశాంగం, జైముషో ఆర్థికం, బోయేషో రక్షణ, కంక్యోషో పర్యావరణం. అదే అక్షరాన్ని చైనీస్‌లో "షెంగ్" అని చదువుతారు. అక్కడ దాని అర్థం ప్రావిన్స్: గువాంగ్‌దోంగ్ షెంగ్, సిచువాన్ షెంగ్. చైనాలో మంత్రిత్వ శాఖకు వాడేది "బు": విదేశాంగానికి వాయ్‌జియావోబు, ఆర్థికానికి త్సాయ్‌జెంగ్‌బు, రక్షణకు గువోఫాంగ్‌బు, విద్యకు జియావోయూబు. ఈ "బు" అక్షరం జపనీస్‌లోనూ "బు"యే, కానీ జపాన్ కార్యాలయంలో అది ఒక విభాగం మాత్రమే. కాబట్టి చైనాలో బుజాంగ్ అంటే కేంద్ర మంత్రి. అవే రెండు అక్షరాలు జపాన్‌లో "బుచో" అవుతాయి. ఆయన ఏ కంపెనీలోనో, మునిసిపాలిటీలోనో ఒక విభాగాధిపతి. జపాన్ మంత్రిని "దైజిన్" అంటారు. చైనీస్‌లో ఆ మాట "దాచెన్" అవుతుంది, రాజుల కాలపు అమాత్యుడనే వాసన దానికి ఇంకా ఉంది. ఇప్పటి చైనా మంత్రిని ఎవరూ అలా పిలవరు.

ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే ఇక మరచిపోరు. తాంగ్ వంశపు చైనాలో చక్రవర్తి కింద మూడు షెంగ్‌లు ఉండేవి. అప్పట్లో ఆ మాటకు రాజధానిలోని కేంద్ర కార్యాలయం అని అర్థం. వాటిలో ఒకదాని కింద ఆరు బులు పనిచేసేవి: అధికారుల నియామకం, జనాభా-పన్నులు, ఆచారాలు, సైన్యం, శిక్షలు, నిర్మాణాలు. జపాన్ ఈ పద్ధతిని చూసి 701లో తైహో శాసనంతో తన పాలనను ఎనిమిది షోలుగా ఏర్పరచుకుంది. అందులో ఒకటైన ఓకురాషో పేరు ఆర్థిక శాఖకు 2001 జనవరిలో జైముషోగా మారేదాకా నిలిచింది. చైనాలో కథ వేరే దారి పట్టింది. 13వ శతాబ్దంలో యువాన్ పాలకులు కేంద్ర కార్యాలయానికి ప్రాంతాల్లో శాఖలు తెరిచారు. "సంచార షెంగ్" అనదగ్గ ఆ శాఖ ఏలే భూభాగానికే కాలక్రమంలో ఆ పేరు స్థిరపడింది. రాజధానిలో మాత్రం ఆరు బులు చింగ్ వంశం చివరి ఏళ్ల దాకా ఉన్నాయి. జపాన్ పట్టుకున్నది తాంగ్ నాటి అర్థాన్ని, నేటి చైనా వాడుతున్నది యువాన్ తర్వాతి అర్థాన్ని.

వార్తలు చదివేవారికి ఇక్కడ ఇంకో చిక్కుంది. చైనా పత్రికలు జపాన్ శాఖ పేరును ఉన్నదున్నట్టు అక్షరాలతో దించేస్తాయి. గైముషోను "రిబెన్ వాయ్‌వుషెంగ్" అని రాస్తాయి. అది చూసి "జపాన్‌లో వాయ్‌వు అనే ప్రావిన్స్" అనుకోకూడదు. జపాన్ పత్రికలు అలా చేయవు. చైనా విదేశాంగ శాఖను తమ పద్ధతికి మార్చుకుని "చూగోకు గైముషో" అంటాయి, రక్షణ శాఖను "కొకుబోషో" అంటాయి. అంటే జపనీస్ వార్తలో కనిపించే చైనా శాఖ పేరు దాని అసలు పేరు కాకపోవచ్చు. చైనీస్‌లో వెతకాలంటే "షో"ను "బు"గా మార్చి, ముందు ముక్క కూడా సరిచూసుకుని వెతకండి. పని పేర్లు కూడా నూటికి నూరు ఒకటి కావు. విదేశాంగం జపాన్‌లో "గైము", చైనాలో "వాయ్‌జియావో". ఆర్థికం అక్కడ "జైము", ఇక్కడ "త్సాయ్‌జెంగ్". చదివితే అర్థమవుతాయి, రాసేటప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు.

చో, తింగ్, క్యొకు, జు, ఇన్

జపాన్‌లో "చో" అనేది మంత్రిత్వ శాఖకు అనుబంధంగా, కొంత స్వతంత్రంగా ఉండే సంస్థ. పన్నులకు కొకుజేచో, వాతావరణానికి కిషోచో, పేటెంట్లకు తొక్క్యోచో. 2021 సెప్టెంబర్ 1న వచ్చిన దెజితారుచో (డిజిటల్ ఏజెన్సీ) మాత్రం నేరుగా మంత్రివర్గం కింద ఉంది, దానికి అధిపతి ప్రధానమంత్రే. కాబట్టి "చో" కనబడగానే ఏదో చిన్న కార్యాలయమని తీసిపారేయకండి. ఇదే అక్షరం కార్యాలయ భవనానికీ వస్తుంది. కెన్ (ప్రిఫెక్చర్) పాలనా కార్యాలయం కెన్‌చో, టోక్యోది తోచో. చైనీస్‌లో దీనికి జత "తింగ్". అది ప్రావిన్స్ స్థాయి శాఖ: జియావోయూతింగ్ అంటే ప్రావిన్స్ విద్యాశాఖ. కేంద్రంలో బు, ప్రావిన్స్‌లో తింగ్, నగరంలోనూ కౌంటీలోనూ (శియెన్, నగరం కిందిది) జు. ఇదే మామూలు వరస. దీనికి మినహాయింపులున్నాయి: దేశం మొత్తం పన్నులు చూసే కేంద్ర సంస్థ పేరు "జోంగ్‌జు"తో ముగుస్తుంది.

జపాన్‌లో "క్యొకు" (చైనీస్ జు అక్షరమే) మంత్రిత్వ శాఖ లోపల పెద్ద విభాగం. పైనుంచి కిందికి షో, క్యొకు, బు, క, కకరి అని దిగుతుంది. అన్ని క్యొకుల్లోనూ బు ఉండదు, చాలాచోట్ల క్యొకు కింద నేరుగా క వస్తుంది. జపాన్ క్యొకుచో చాలా పెద్ద అధికారి. చైనాలో అవే అక్షరాల జుజాంగ్ కేంద్ర సంస్థ అధిపతీ కావచ్చు, ఒక మారుమూల కౌంటీ వ్యవసాయ కార్యాలయ అధికారీ కావచ్చు. పేరు ముందున్న ప్రాంతాన్ని చూడకుండా హోదా తేల్చలేం.

పోలీసుల దగ్గర తడబడేవారు ఎక్కువ. కేసత్సుచో జాతీయ పోలీసు సంస్థ, కేషిచో టోక్యో నగర పోలీసు. వినడానికి దగ్గరగా ఉన్నా రెండూ వేరు. మిగతా కెన్‌ల పోలీసును కెన్‌కే అంటారు.

"ఇన్" (చైనీస్‌లో "యువాన్") జపాన్‌లో పార్లమెంటు సభలకు వస్తుంది: షూగిఇన్ (465 స్థానాలు), సంగిఇన్ (248). ఖాతాల తనిఖీ సంస్థకూ, ఉద్యోగుల వ్యవహారాల సంస్థకూ ఇదే వస్తుంది. చైనాలో మంత్రివర్గమే గువోవుయువాన్, న్యాయస్థానం ఫాయువాన్. జపాన్ న్యాయస్థానం మాత్రం సైబన్‌షో. ఇక్కడి "షో"కు స్థలం అని అర్థం, మంత్రిత్వ శాఖ షో కాదు, అక్షరం వేరు. రోమన్ లిపిలో మాత్రమే నేర్చుకున్నవారు ఈ రెంటినీ కలిపేస్తారు.

జిల్లా ఎవరిది, నగరం ఎవరిది

జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లు: 1 తో (టోక్యో), 1 దో (హొక్కైదో), 2 ఫు (ఒసాకా, క్యోటో), 43 కెన్. 1871లో పాత సామంత రాజ్యాలను రద్దుచేసి కెన్‌లు పెట్టారు. కెన్ కింద షి (నగరం), మచి లేదా చో (పట్టణం), ముర లేదా సోన్ (గ్రామం) ఉంటాయి. అంటే కెన్ పెద్దది, షి దాని లోపలిది.

చైనాలో "కెన్" అక్షరాన్ని "శియెన్" అంటారు. అక్కడ క్రమం తలకిందులు. షెంగ్ కింద ప్రిఫెక్చర్ స్థాయి షి ఉంటుంది, దాని కింద శియెన్‌లు, ఛ్యూలు (నగర వార్డులు), వాటి కింద జెన్ (పట్టణం), శియాంగ్ (పల్లెల సముదాయం). శియెన్‌లు వెయ్యికి పైగా ఉన్నాయి. అందుకే చైనాలో "నగరం"లో వరిపొలాలు, కొండలు, పల్లెలు ఉండటం మామూలు. బీజింగ్, షాంఘై, తియెన్‌జిన్, చోంగ్‌చింగ్ నాలుగూ నేరుగా కేంద్రం కింద ఉండే షిలు. వాటిలో చోంగ్‌చింగ్ "నగరం" వైశాల్యం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం సుమారు 1,12,000. "చోంగ్‌చింగ్ నగర జనాభా 3 కోట్లు" అనే వాక్యాన్ని తెలుగులో అలాగే దించితే చదివేవారు హైదరాబాద్ లాంటి ఊరిని ఊహించుకుంటారు. అక్కడ "చోంగ్‌చింగ్ పాలనా ప్రాంతం" అని రాయండి.

మన ప్రాంతాల పేర్లు కూడా ఇక్కడ పనికొస్తాయి. భారతదేశంలోని రాష్ట్రాన్ని జపనీస్‌లో "షూ" అంటారు, తెలంగాణ "తెరంగాన షూ" అవుతుంది. చైనీస్‌లో భారత రాష్ట్రానికి "బాంగ్", అమెరికా రాష్ట్రానికి "జోవ్". మన జిల్లాను మాత్రం జపనీస్‌లో కెన్ అనీ చైనీస్‌లో శియెన్ అనీ రాస్తారు. అంటే గుంటూరు జిల్లాకు వాడే "కెన్" జపాన్ పాలనలో దేశానికి ఒక్క మెట్టు కిందే ఉంటుంది, మన దగ్గర రాష్ట్రానికి లోపల ఉంటుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు జపాన్ కెన్‌ను "జిల్లా" అనకుండా ప్రిఫెక్చర్ అనే ఉంచమని చెప్పేది ఇందుకే. ఎన్నికైన గవర్నరు (చిజి), ఎన్నికైన సభ ఉన్న కెన్‌ను జిల్లా అంటే దాని బరువు తగ్గిపోతుంది.

"సేఫు" దగ్గరా ఇలాంటి తేడానే. జపనీస్‌లో మామూలుగా అది టోక్యోలోని కేంద్ర ప్రభుత్వం, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే మంత్రివర్గం, దాని కింది యంత్రాంగం. స్థానిక పాలనను జిచితై అంటారు. నగర కార్యాలయం షియకుషో, వార్డుది కుయకుషో, పట్టణం లేదా గ్రామానిది యకుబ. చైనీస్‌లో అవే అక్షరాల "జెంగ్‌ఫు" ప్రతి మెట్టుకూ వస్తుంది: షెంగ్ జెంగ్‌ఫు, షి జెంగ్‌ఫు, శియెన్ జెంగ్‌ఫు, చివరికి శియాంగ్ జెంగ్‌ఫు కూడా. జపనీస్ అధికారిక పత్రంలో కేంద్రాన్ని ఒట్టిగా "కుని" (దేశం) అనేస్తారు. "కుని భరిస్తుంది" అని ఉంటే ఖర్చు కేంద్ర బడ్జెట్‌ది అని అర్థం. చైనీస్‌లో ఆ చోట "జోంగ్‌యాంగ్" వస్తుంది.

చైనాలో రెండో నిచ్చెన

జపనీస్ నుంచి వచ్చేవారికి అసలు పరిచయం లేనిది ఇది. చైనాలో ప్రభుత్వ నిచ్చెన పక్కనే ప్రతి మెట్టు దగ్గరా కమ్యూనిస్టు పార్టీ నిచ్చెన ఉంటుంది. ప్రావిన్స్‌కు షెంగ్‌జాంగ్ (గవర్నరు) ఉంటాడు, షెంగ్‌వెయ్ షూజీ (ప్రావిన్స్ పార్టీ కార్యదర్శి) ఉంటాడు. పైవాడు రెండోవాడే. నగరంలో మేయరుకూ పార్టీ షూజీకీ మధ్య సంబంధం ఇదే. ఇక్కడ "షూజీ" అక్షరాలు జపనీస్‌లో "షోకి". సమావేశంలో మినిట్స్ రాసే మనిషి, కోర్టు గుమస్తా, రాయబార కార్యాలయంలో మొదటి కార్యదర్శి (ఇత్తో షోకికన్), వీళ్లకు వచ్చే మాట అది. చైనీస్‌లో రాయబార కార్యాలయపు మొదటి కార్యదర్శిని "యీదెంగ్ మీషు" అంటారు. ఆ మీషు అక్షరాలు జపనీస్‌లో "హిషో", అంటే వ్యక్తిగత కార్యదర్శి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి జపనీస్‌లో కొకురెన్ జిముసోచో, చైనీస్‌లో లియన్‌హెగువో మీషుజాంగ్. తెలుగులో అందరూ "కార్యదర్శి"గానే దిగుతారు కాబట్టి పొరపాటు మనకు కనిపించదు. ఎవరి కార్యదర్శి, ఏ మెట్టు అన్నది పక్కన తప్పకుండా రాసుకోండి.

పేరు చివర "వెయ్" వస్తే రెండు సంగతులు చూడండి. ముందు ఒట్టి ప్రాంతం పేరుంటే అది పార్టీ కమిటీ: బీజింగ్ షివెయ్. ముందు పని పేరుంటే ప్రభుత్వ కమిషన్: అభివృద్ధి, సంస్కరణల కమిషన్ ఫాగాయ్‌వెయ్, ఆరోగ్య కమిషన్ వెయ్‌జియెన్‌వెయ్. సంక్షిప్త నామం "జోంగ్"తో మొదలైతే మాత్రం చాలావరకు పార్టీదే. క్రమశిక్షణ చూసే జోంగ్‌జీవెయ్, ప్రచారం చూసే జోంగ్‌శువాన్‌బు, నియామకాలు చూసే జోంగ్‌జుబు ఇలాంటివి. చివరి రెండింట్లో "బు" ఉన్నా అవి మంత్రిత్వ శాఖలు కావు.

హోదాలకు చైనాలో ఐదు అంచెలు, ప్రతి అంచెలో ప్రధాన, ఉప అని రెండేసి ఉంటాయి: గువోజియా, షెంగ్‌బు, తింగ్‌జు, శియెన్‌చు, శియాంగ్‌క. ఈ పేర్లలోనే లెక్క ఉంది. షెంగ్‌బు అంటే ప్రావిన్స్ గవర్నరూ కేంద్ర మంత్రీ ఒకే అంచె. శియెన్‌చు అంటే కౌంటీ అధిపతీ మంత్రిత్వ శాఖలోని చుజాంగూ (చిన్న విభాగం అధిపతి) ఒకే అంచె. ఈ ఐదు జంటలు నోటికి వస్తే చైనా అధికారుల బదిలీ వార్తలు దానంతటవే అర్థమవుతాయి. పదోన్నతా, పక్కకు జరపడమా అన్నది కూడా తెలిసిపోతుంది. జపాన్ కచో (మంత్రిత్వ శాఖలో) ఒక విధానానికి బాధ్యుడైన అధికారి. వినడానికి దగ్గరగా ఉన్నా మొదటి అక్షరం వేరైన చైనా కజాంగ్ అట్టడుగు అంచె. జపాన్‌లో ఉద్యోగుల్లో అందరికంటే పైవాడు జిముజికన్. రాజకీయ నియామకాలైన ఫుకుదైజిన్ (ఉప మంత్రి), సేముకన్ (ఆ కింది రాజకీయ పదవి) 2001 నుంచి ఉన్నాయి.

దేశాధినేతలు

జపాన్ ప్రధాని అధికారిక పదవి నైకకు సోరిదైజిన్. 1885లో ఇతో హిరోబుమి మొదటివాడు. మాటల్లో సోరి, పత్రికల్లో షుషో. చైనా ప్రధాని జోంగ్లి, "సోరి" అక్షరాలే. కానీ జపాన్ పత్రికలు చైనా ప్రధానిని షుషో అంటాయి, చైనా పత్రికలు జపాన్ ప్రధానిని షౌశియాంగ్ (షుషో అక్షరాలు) అంటాయి. భారత ప్రధాని చైనీస్‌లో యిందు జోంగ్లి, బ్రిటన్ ప్రధాని షౌశియాంగ్. అధ్యక్షుడికి జపనీస్‌లో దైతోర్యో, చైనీస్‌లో జోంగ్‌తోంగ్. మన రాష్ట్రపతికీ ఇవే. చైనా అధ్యక్షుడికి మాత్రం జోంగ్‌తోంగ్ వాడరు, గువోజియా జూశీ అంటారు, జపనీస్‌లో కొక్క షుసెకి. జోంగ్‌తోంగ్ అక్షరాల జపనీస్ రూపం "సోతో" తైవాన్ అధ్యక్షుడికీ హిట్లర్‌కీ వస్తుంది. సందర్భం చూసుకుని వాడండి.

మనుషుల పేర్లనూ ఎవరి ఉచ్చారణలో వాళ్లు చదువుతారు. షీ జిన్‌పింగ్ జపాన్ వార్తల్లో షూ కింపే, షింజో అబే చైనా వార్తల్లో ఆన్‌బెయ్ జిన్‌సాన్. విని రాసేవారు ముందు ఒక ఇరవై పేర్ల జాబితా చేసుకోవడం మంచిది.

చట్టాలు, ఉత్తర్వులు

జపాన్‌లో పార్లమెంటు చేసేది హోరిత్సు, మంత్రివర్గం ఇచ్చేది సేరే, మంత్రిత్వ శాఖ ఇచ్చేది షోరే, స్థానిక సభలు చేసేది జోరే. పేరు చూసి పట్టుకోవడం తేలిక. ఫలానా చట్టపు "షికోరే" అని ఉంటే అది మంత్రివర్గ ఉత్తర్వు, "షికోకిసొకు" అని ఉంటే సాధారణంగా మంత్రిత్వ శాఖ నిబంధనలు. చైనీస్‌లో జోరే అక్షరాలు "తియావోలీ". అక్కడ అది తరచుగా గువోవుయువాన్ జారీచేసే జాతీయ నిబంధనావళి. ప్రాంతీయ ప్రజా ప్రతినిధుల సభలూ వాడతాయి, పార్టీ తన అంతర్గత నియమాలకూ వాడుతుంది. మంత్రిత్వ శాఖలు మాత్రం తమ నిబంధనలకు తియావోలీ అని పేరు పెట్టకూడదు. వాళ్లవి గుయ్‌దింగ్, బాన్‌ఫా. కాబట్టి చైనీస్ తియావోలీని "స్థానిక చట్టం" అనీ, జపనీస్ జోరేని "కేంద్ర నిబంధన" అనీ అనువదిస్తే దేశం మొత్తానికి వర్తించేది ఒక ఊరికి కుదించుకుపోతుంది, లేదా ఊరిది దేశానికి పాకుతుంది. ఈ విషయంలో ఒప్పంద పత్రాల అనువాదకులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో రెండు: చైనా పత్రం పేరులో "యీజియెన్" (అభిప్రాయాలు) అని ఉంటే ఎవరో సలహా ఇచ్చారని కాదు, పైనుంచి వచ్చిన విధాన ఆదేశం. బాన్‌ఫా మామూలు మాటల్లో "ఉపాయం", పత్రం పేరులో అమలు నిబంధనలు.

పార్లమెంటు మాటల్లో చిక్కులు తక్కువ. సెన్‌క్యో-శువాన్‌జు (ఎన్నిక), తోహ్యో-తోవ్‌పియావో (ఓటు వేయడం) సరిపోతాయి. బిల్లు చట్టమైందని జపనీస్‌లో "సేరిత్సు" అంటారు. అవే అక్షరాలు చైనీస్‌లో "చెంగ్లీ", సంస్థ స్థాపన. బిల్లుకు చైనీస్‌లో "తోంగ్‌గువో" అనాలి. మంత్రి సభలో ఇచ్చే జవాబు జపనీస్‌లో తోబెన్. చైనీస్ "దాబియెన్" అంటే పరిశోధక విద్యార్థి సిద్ధాంత వ్యాసాన్ని సమర్థించుకోవడం, లేదా కోర్టులో ప్రతివాదన.

ఒక్కొక్కటీ విడిగా గుర్తుపెట్టుకోవాల్సినవి

"కెంతో" జపాన్ అధికారి నోట నిత్యం వచ్చే మాట: పరిశీలిస్తాం. చైనీస్‌లో "జియెన్‌తావో" అంటే తప్పు ఒప్పుకుంటూ చేసే ఆత్మవిమర్శ. జపాన్ మంత్రి ప్రకటనను అక్షరాలు చూసి దించితే ఆయన క్షమాపణ చెప్పినట్టవుతుంది.

"గోంగాన్" చైనాలో మామూలు పోలీసు వ్యవస్థ. జపాన్‌లో "కోఆన్" అంటే నిఘా, అంతర్గత భద్రత చూసే విభాగం. అయితే జపాన్ డ్రైవింగ్ లైసెన్సు మీద కెన్ కోఆన్ ఇఇన్‌కై అని ఉంటుంది. అది పోలీసును పర్యవేక్షించే ప్రజా భద్రతా కమిషన్, లైసెన్సు దాని పేరుతోనే వస్తుంది.

"షోహిజే" జపాన్‌లో దాదాపు అన్ని కొనుగోళ్ల మీద పడే పన్ను, 2019 అక్టోబర్ నుంచి 10 శాతం, చాలావరకు ఆహార పదార్థాలకు 8. చైనా "శియావోఫెయ్‌షుయ్" సిగరెట్లు, మద్యం, కార్లు లాంటి కొన్ని వస్తువులకే. జపాన్ షోహిజేకు సరైన జత జెంగ్‌జిషుయ్, మన జీఎస్టీ కుటుంబానికి చెందింది. లెక్కల నివేదికల్లో ఈ తప్పు వస్తే అంకెలన్నీ తప్పుతాయి.

"కొక్కో" అంటే జపనీస్‌లో దౌత్య సంబంధాలు. కానీ కొక్కోషో విదేశాంగ శాఖ కాదు, కొకుదో కోత్సూషోకు (భూమి, మౌలిక వసతులు, రవాణా) పొట్టి పేరు.

కౌంటరు దగ్గర

జపాన్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకూ, చైనాలో వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థులకూ ఇది రోజూ పనికొచ్చేది. జపాన్‌లో "తొదోకె" అంటే తెలియజేయడం, "షిన్‌సే" అంటే అనుమతి కోసం దరఖాస్తు. తొదోకె ఇస్తే సరి, షిన్‌సేకు జవాబు వచ్చేదాకా ఆగాలి. ఇల్లు వేరే ఊరికి మారితే పాత ఊరి కార్యాలయంలో ముందు తెన్‌షుత్సు తొదోకె, కొత్త ఊరికి చేరాక 14 రోజుల్లోపు తెన్‌న్యూ తొదోకె, జైర్యూ కార్డు (విదేశీయుల నివాస కార్డు) వెంట తీసుకెళ్లాలి. వీసా గడువు పొడిగింపు మాత్రం షిన్‌సే. అది షియకుషోలో కాదు, న్యూకన్‌లో (ఇమిగ్రేషన్ కార్యాలయం) చేయాలి. తొదోకె అక్షరం చైనీస్‌లో "జియె", అక్కడ అది సభల వరుస లెక్క. "షిసి జియె" రెన్‌దా అంటే 14వ జాతీయ ప్రజా ప్రతినిధుల సభ. జపాన్ పత్రికలు ఆ సభను జెన్‌జిన్‌దై అంటాయి.

చైనాలో హోటల్ కాకుండా విడిగా ఉంటే చేరిన 24 గంటల్లోపు స్థానిక పాయ్‌చూసువోలో (పోలీసు ఠాణా) నివాసం నమోదు చేయించుకోవాలి. దీర్ఘకాల వీసా మీద వెళ్లినవారు ప్రవేశించిన 30 రోజుల్లోపు జూలియూ శూక (నివాస అనుమతి) కోసం గోంగాన్ వారి ప్రవేశ-నిష్క్రమణ విభాగానికి దరఖాస్తు పెట్టాలి. కాలేజీ ఇచ్చే లేఖ మీద గోంగ్‌జాంగ్ (సంస్థ ముద్ర) లేకపోతే, సంతకం ఉన్నా చాలాచోట్ల తీసుకోరు. "గాయ్‌జాంగ్" అని అడిగితే ముద్ర వేయించుకు రమ్మని.

ఈ పదాలన్నీ జపాన్‌లో పుట్టినవేనా

కావు, ఆ మాట తరచుగా వినిపిస్తుంది కానీ సగమే నిజం. 1889 మేజి రాజ్యాంగం నాటికి జపాన్ పండితులు పాత చైనీస్ మాటలకు కొత్త అర్థాలిచ్చారు, కొన్ని కొత్తగా కూర్చారు. 1894-95 చైనా-జపాన్ యుద్ధం తర్వాత వేల మంది చైనా విద్యార్థులు జపాన్‌లో చదివి ఆ మాటలను వెనక్కి తీసుకెళ్లారు. "కెంపో" (రాజ్యాంగం) పాత మాటే, ఆధునిక అర్థం జపాన్‌లో స్థిరపడింది. కానీ హక్కు అనే "చువాన్లీ", ప్రజాస్వామ్యం అనే "మిన్‌జు" ఆధునిక వాడుకలోకి 1864లో బీజింగ్‌లో వెలువడిన అంతర్జాతీయ న్యాయశాస్త్ర అనువాదం ద్వారా వచ్చాయి, తర్వాతే జపాన్‌కు చేరాయి. "నైకకు" (మంత్రివర్గం) మాట మింగ్ వంశపు కొలువు నుంచి వచ్చింది.

తైవాన్ పత్రాలు కూడా చదవబోతుంటే ఇంకో వరస పెట్టుకోండి. అక్కడ అక్షరాలు పూర్తి పాత రూపంలో ఉంటాయి, ప్రభుత్వం ఐదు యువాన్‌లు. ప్రధాని శింగ్‌జెంగ్ యువాన్ అధిపతి, పార్లమెంటు లీఫా యువాన్.

నోట్సు ఎలా పెట్టుకోవాలి

పదాలను అక్షరమాల వరుసలో రాసుకోవద్దు. ఒక కాగితం మీద నిలువుగా నిచ్చెన గీసి, ఎడమవైపు జపాన్ మెట్లు, కుడివైపు చైనా మెట్లు, మూడో వరుసలో పార్టీ మెట్లు రాయండి. కొత్త పేరు ఎదురైతే చివరి అక్షరంతో మొదలుపెట్టి ఈ క్రమంలో చూడండి: ఇది ఏ దేశపు సంస్థ, వార్త ఏ భాషది, చివరి అక్షరం ఏమిటి, దాని ముందున్నది ప్రాంతమా, పనా. ఆ తర్వాతే నిచ్చెన మీద చోటు ఇవ్వండి. చోటు దొరకని పేరును తెలుగులోకి అనువదించకుండా ఉచ్చారణతోనే ఉంచి, పక్కన దాని పని ఒక వాక్యంలో రాయండి.

సాధనకు జపాన్ న్యాయశాఖ నడిపే చట్టాల అనువాద డేటాబేస్ చాలా మంచిది, జపనీస్ మూలం పక్కనే ఇంగ్లిష్ ఉంటుంది. చైనీస్‌కు ఏటా మార్చిలో ప్రధాని చదివే జెంగ్‌ఫు గోంగ్‌జువో బావ్‌గావ్ (ప్రభుత్వ పని నివేదిక) తీసుకోండి, దానికీ అధికారిక ఇంగ్లిష్ పాఠం వస్తుంది. రోజుకు ఒక పేరా చాలు, అందులో సంస్థల పేర్ల కింద మాత్రమే గీత పెట్టండి.

వెతికేటప్పుడు అక్షర రూపం కూడా చూసుకోండి. జపాన్ యుద్ధానంతరం ఒక రకంగా, చైనా 1956 నుంచి ఇంకో రకంగా అక్షరాలను కుదించాయి. కెన్-శియెన్, చో-తింగ్, హక్కులోని "కెన్-చువాన్", ఈ మూడింటికీ జపాన్, చైనా, తైవాన్ రూపాలు మూడూ వేరు. జపనీస్ కీబోర్డుతో కొట్టిన పదం చైనా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఏమీ చూపించకపోతే పదం తప్పని అనుకోకండి. పిన్‌యిన్ కీబోర్డు పెట్టుకుని మళ్లీ కొట్టండి.